పులిహోర ట్రేలు తెరిచాక పాట

మొన్న ఉగాదికి మన సంఘం పిలిచిన నల్లజాతి గాయకుడికి దక్కింది పది నిమిషాలు. అదీ సన్మానాలన్నీ అయ్యి, పులిహోర ట్రేలు తెరిచాక. డెబ్భై దాటిన మనిషి. రెండో పాట సగంలో ఉండగా మైకు లాక్కుని, "తెల్ల హోండా ఎవరిదండీ, దారికి అడ్డంగా ఉంది" అన్నారు. ఆయన నవ్వి దిగిపోయారు. పిలుద్దామన్నది నేనే. ఆ నవ్వు ఇంకా గుచ్చుకుంటోంది.

ఆయన పాడుతున్నది బాబీ 'బ్లూ' బ్లాండ్ పాట. నల్లజాతివాళ్ల బ్లూస్ పాటల్లో పెద్ద గొంతు ఆయనది. మనవాళ్లు వరసగా ఇళ్లు కొనుక్కుంటున్న, మెంఫిస్ పక్కనున్న ఈ జర్మన్‌టౌన్‌లోనే 2013 జూన్‌లో పోయారు బ్లాండ్. పుట్టింది 1930లో, మెంఫిస్‌కి ఉత్తరాన ఓ పల్లెలో. పత్తి చేలల్లో పనికెళ్లి బడి మానేశారు, చదవడం రాయడం రాలేదు. మెంఫిస్‌లో బ్లూస్ పాటల వీధి బీల్ స్ట్రీట్‌లో, మరో బ్లూస్ గాయకుడు బి.బి. కింగ్ వెంట తిరిగారు. హ్యూస్టన్‌లోని డ్యూక్ రికార్డు కంపెనీకి పాడిన పాటతో 1957లో ఆర్ అండ్ బి (రిథమ్ అండ్ బ్లూస్) పాటల చార్టులో మొదటి స్థానానికి వెళ్లారు. మెత్తగా పాడుతూ పాడుతూ ఒక్కసారి గొంతు గరగరలాడిస్తారే, అది గాయని అరీతా ఫ్రాంక్లిన్ తండ్రి చర్చి ప్రసంగాల రికార్డులు విని పట్టుకున్నది.

పాప్లర్ అవెన్యూ ట్రాఫిక్‌లో మొదటిసారి ఆ గరగర విన్నప్పుడు నాకు మా తాతయ్య గుర్తొచ్చారు. ఆయనదీ వేలిముద్రే. రాయబారం పద్యాలన్నీ నోటికొచ్చు. పద్యం చివర రాగం లాగి లాగి గొంతు చీల్చేసేవారు, జనం వన్స్‌మోర్ అనేవాళ్లు. మా ఊళ్లో పాట మధ్యలో ఎవరూ లేచేవాళ్లు కాదు. కానీ తెల్లవార్లూ బుర్రకథకి చప్పట్లు కొట్టి, పొద్దున్నే ఆ కళాకారులకి అరుగు కింద విస్తళ్లు వేసిందీ మా ఇళ్లే. అందుకే అమెరికా వచ్చి చెడిపోయామంటే నేనొప్పుకోను.

కార్యవర్గం టెన్షన్ తెలియక కాదు. తొమ్మిదికల్లా హాలు ఖాళీ చేయాలి, ఒక్క పిల్ల డాన్సు తీసేసినా అమ్మానాన్నలు ఊరుకోరు, స్పాన్సర్లకి శాలువాలు కప్పాలి. అయినా అడుగుతున్నాను. దసరాకి ఆయన్ని మళ్లీ పిలుద్దాం. ప్రార్థన అవగానే, ఎవరికీ ఆకలి వేయకముందే, ఇరవై నిమిషాలు ఇద్దాం. బ్లాండ్ ఎవరో తెలుగులో నేను చెప్తాను. శాలువా ఒకటి పక్కన పెట్టండి. ఫోన్ చేసే పని నాదే. ఎత్తుతారో లేదో మరి.