డెబ్బై ఏళ్ల లెక్కలో నల్లగొండ కనిపించదు

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల చుట్టుపక్కల ఉండేది. ఎంపిక చేసిన ఊళ్లలో పుట్టుకలు, చావులు నమోదు చేసే ప్రభుత్వ శాంపిల్ రిజిస్ట్రేషన్ 2016-20 లెక్కల్లో అది 70కి చేరింది. ఈ రెండంకెలూ చూసి 'ఆ రోజుల్లో ముప్పై దాటగానే పోయేవారట' అనుకునేవాళ్లు చాలామంది. అది పొరపాటు. ఇద్దరు పిల్లల్లో ఒకరు పురిట్లోనే పోయి, ఇంకొకరు 70 ఏళ్లు బతికితే సగటు 35. ఆ ఇంట్లో 35వ ఏట పోయినవారు ఎవరూ లేరు. తొమ్మిది కాన్పుల్లో నలుగురు దక్కారని తాతమ్మలు చెప్పేవారు. దక్కని ఆ పిల్లలే సగటును కిందికి లాగేశారు. 1971లో కూడా పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020 నాటికి ఆ సంఖ్య 28. టీకాలు, ఆస్పత్రి కాన్పులు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నిలబెట్టిన ప్రాణాలివి. అందుకే ఆయుర్దాయం అనే అంకెను తీసిపారేయడానికి నాకు మనసొప్పదు.

అయితే అది పుట్టిన బిడ్డకు రాసిచ్చిన జాతకం కాదు. ఈ ఏడాది ఏ వయసువాళ్లు ఎంతమంది పోయారో చూసి, అదే తీరు జీవితమంతా సాగితే ఎన్నేళ్లు బతుకుతారని కట్టే లెక్క. అమెరికాలో 2019లో 78.8గా ఉన్నది 2021లో 76.4కి పడిపోయింది. అక్కడ పుట్టిన పిల్లలందరి ఆయుష్షు తరిగిపోయిందని కాదు, కోవిడ్ కాలపు చావులు ఆ అంకెలోకి ఎక్కాయని అర్థం.

అసలు చిక్కు వేరే ఉంది. ఈ లెక్కకు మనిషి ఉన్నాడా, పోయాడా అన్నదొక్కటే తెలుసు. ఎలా ఉన్నాడో తెలియదు.

నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. నేల కిందున్న రాయిలోంచి నీటిలోకి దిగుతుంది. ఆ నీళ్లు తాగి పెరిగిన పిల్లల పళ్లకు గారపట్టింది, కాళ్లు వంకర్లు తిరిగాయి. పెద్దవాళ్ల వెన్ను బిగిసిపోయి మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాల్సి వచ్చింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టారు. ఆ పేరు ఆఫ్రికా దాకా వెళ్లింది, జిల్లాలో మాత్రం బాధ తీరలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలిచారు. మా నీళ్ల గోడు ఢిల్లీకి వినబడాలన్నదే వాళ్ల పంతం. బ్యాలెట్ పత్రాన్ని పుస్తకంలా కుట్టాల్సి వచ్చింది, పోలింగ్ వాయిదా పడింది. అంత కష్టాన్ని ఆయుర్దాయం ఎలా చూపిస్తుంది? ఫ్లోరైడ్ తెచ్చే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, మనిషిని చంపదు, వంచేస్తుంది. వంగిన నడుముతో డెబ్బై ఏళ్లు ఈడ్చినా, నిటారుగా నడిచి డెబ్బై ఏళ్లు బతికినా పట్టికలో పడేది ఒకటే అంకె.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కథ మరోలా ఉంది. కవిటి, సోంపేట, పలాస వైపు కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసేవాళ్లకు షుగరు, బీపీ లేకుండానే కిడ్నీలు పాడవుతున్నాయి. పలాసలో 2023లో 200 పడకల ఆస్పత్రి వచ్చింది. కానీ జబ్బుకు మూలం ఇదీ అని నేటికీ తేలలేదు. ఇక్కడ చావులు ఉన్నాయి, అదీ పనిచేసే వయసులో. అయినా దాదాపు ఐదు కోట్లమంది ఉన్న రాష్ట్ర సగటులో కొన్ని మండలాల దుఃఖం ఏ మూలకు వస్తుంది? శాంపిల్ రిజిస్ట్రేషన్ జిల్లాలవారీ ఆయుర్దాయం ఇవ్వదు.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రక్తహీనత ఉన్న 15-49 ఏళ్ల ఆడవాళ్లు తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అయినా ఆయుర్దాయంలో మగవాళ్లకంటే ఆడవాళ్లే దాదాపు మూడేళ్లు ముందున్నారు. ఆ ముందంజ చూసి మన ఇళ్లలో ఆడవాళ్లు ఆరోగ్యంగా ఉన్నారని ఎలా అనుకోగలం?

'నిండు నూరేళ్లు చల్లగా ఉండు' అని దీవిస్తాం కదా, అందులో 'చల్లగా' అన్నమాటకు లెక్క కట్టే ప్రయత్నం ఒకటుంది. ఆరోగ్యంగా బతికే ఏళ్లంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసే అంచనా అది. జబ్బు తీవ్రతను బట్టి ఆయుష్షులోంచి కొంత తగ్గిస్తారు. 2019కి భారతదేశపు ఆయుర్దాయం 70.8 ఏళ్లుగా, ఆరోగ్యకరమైన ఏళ్లు 60.3గా తేల్చారు. తేడా పదేళ్ల పైమాటే. ప్రభుత్వాలు డెబ్బై గురించి చెప్పినప్పుడల్లా విలేకరులు ఆ పదేళ్ల గురించి అడగాలి.

అడగాల్సింది ఇంకొకటి ఉంది. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతావాళ్లు ఎందుకు పోయారో ఏ డాక్టరూ రాయలేదు. ఇంటికి వెళ్లి, కుటుంబాన్ని అడిగి, లక్షణాలను బట్టి కారణం తేల్చే పద్ధతి శాంపిల్ గ్రామాల్లో ఎప్పటినుంచో ఉంది. దాన్ని ప్రతి మండలానికీ తెచ్చి, జిల్లాలవారీ లెక్కలు ఏటా బయటపెట్టాలి. కవిటిలో నలభై ఏళ్ల కూలీ పోతే, కిడ్నీ జబ్బుతో పోయాడన్న సంగతి శ్రీకాకుళం లెక్కలోనైనా ఉండాలి.