వియత్నాం పడవలు కెనడా ఒడ్డుకు రాలేదు

కెనడాలో ఉంటున్న మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డు తిరుగుతోంది. "1979లో వియత్నాం వాళ్లు పడవలేసుకుని కెనడాకొచ్చి పడ్డారు. ప్రభుత్వం తనిఖీ లేకుండా రానిచ్చి, పన్నుల సొమ్ముతో కూర్చోబెట్టి మేపింది. అప్పట్లో ఎవరూ కిక్కురుమనలేదు" అని. మూడు వాక్యాల్లో నాలుగు తప్పులు.

మొదట పడవ సంగతి. వియత్నాం యుద్ధం ముగిశాక దేశం విడిచి పారిపోయిన వాళ్లవి పసిఫిక్ దాటే పడవలు కావు. మలేషియా, థాయ్‌లాండ్, ఇండోనేషియా, హాంకాంగ్ దాకా చేరడమే గగనం. మలేషియా తీరంలో బిడాంగ్ అనే దీవి ఉంది, మొత్తం కలిపితే చదరపు కిలోమీటరు. 1979 మధ్యలో అందులో 40 వేల మంది దాకా కిక్కిరిశారు. కెనడాకు వీళ్లొచ్చింది విమానాల్లో. ఎడ్మంటన్, మాంట్రియల్ సైనిక స్థావరాల్లో దించి, చలికోట్లు తొడిగి ఊళ్లకు పంపారు.

తనిఖీ లేదన్నదీ అబద్ధమే. కెనడా అధికారులు ఆ దేశాల్లోని శరణార్థి శిబిరాలకే వెళ్లి ఇంటర్వ్యూలు చేశారు, వైద్య పరీక్షలు చేయించారు. ఒక సడలింపు మాత్రం నిజం: తనను ఫలానా కారణంగా హింసించారని ఎవరికివారు రుజువు చేసుకోనక్కర్లేకుండా ఇండోచైనా (వియత్నాం, లావోస్, కంబోడియా) వాళ్లకు ప్రత్యేక వర్గం పెట్టారు. ఫార్వర్డు రాసినాయనకు ఇది తెలిసుంటే కాస్త గట్టి వాదన దొరికేది.

అసలు కథంతా డబ్బు దగ్గరుంది. 1976 నాటి వలస చట్టం కింద అయిదుగురు పెద్దవాళ్లు కలిసినా, ఒక చర్చి పూచీ పడినా ఒక కుటుంబాన్ని పిలిపించుకోవచ్చు. ఏడాదిపాటు అద్దె, తిండి, బట్టలు వాళ్లే చూసుకోవాలి. 1979 జూలైలో ప్రధాని జో క్లార్క్ ప్రభుత్వం 50 వేల మందిని తీసుకుంటామంటూ ఒక బేరం పెట్టింది: మీరొకరిని తెస్తే మేమొకరిని తెస్తాం. జనం సర్కారు అనుకున్నదానికన్నా ఎక్కువే ముందుకొచ్చారు. డిసెంబరుకల్లా ప్రభుత్వమే ఆ జంట లెక్కకు నీళ్లొదిలింది! మాట తప్పారని స్పాన్సర్లు మండిపడ్డారు. 1980 ఏప్రిల్‌లో, పియర్ ట్రూడో మళ్లీ ప్రధాని అయ్యాక, మరో 10 వేలు కలిపారు. ఆ 60 వేల మందిలో (లావోస్, కంబోడియా వాళ్లూ ఉన్నారు) సగానికి పైగా వచ్చింది ఇరుగుపొరుగు పోగేసిన డబ్బుతోనే. 1986లో ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ శరణార్థులకు చేసిన సేవకిచ్చే నాన్సెన్ పతకాన్ని 'కెనడా ప్రజల' పేరు మీద ఇచ్చింది కూడా అందుకే.

ఇక కిక్కురుమనలేదన్న ముక్క. వీళ్లను ఇంతమందిని తేవద్దంటూ పేపర్లలో ఫుల్ పేజీ ప్రకటనలు వేయించిన సంస్థ అప్పుడే ఉంది. అదే ఏడాది ఒట్టావా మేయర్ మారియన్ డ్యూయార్ 4 వేల మందిని మా ఊరు తీసుకుంటుందని ప్రకటించింది.