హాంబర్గ్ హోటల్లో ఆ 50 యూరోల జరిమానా ఎవరు రాశారు?

మా బాబాయి ఈ కథను కుటుంబ వాట్సాప్ గ్రూపులో మొన్న మళ్లీ పెట్టారు. మీకూ వచ్చే ఉంటుంది. కొందరు భారతీయులు జర్మనీలోని హాంబర్గ్‌లో ఒక హోటల్‌కు వెళ్తారు. ఆకలి మీద ఎక్కువ తెప్పించుకుని, మూడో వంతు వదిలేసి లేస్తారు. పక్క బల్ల దగ్గర కూర్చున్న ముసలమ్మలకు కోపం వస్తుంది. "డబ్బు మేమిచ్చాం, మీకెందుకు?" అంటారు మనవాళ్లు. ఒకావిడ ఎవరికో ఫోను చేస్తుంది. 'సోషల్ సెక్యూరిటీ' శాఖ నుంచి యూనిఫాంలో ఒక అధికారి వచ్చి 50 యూరోల జరిమానా రాసి, "డబ్బు మీదే, వనరులు మాత్రం సమాజానివి" అని మందలిస్తాడు. వీళ్లు తలదించుకుని, ఆ రసీదుకు నకళ్లు తీయించి తలా ఒకటి దాచుకుంటారు. ఏళ్ల తరబడి తిరుగుతున్న ఈ కథకు మధ్యలో ఎవరో రతన్ టాటా పేరు కూడా తగిలించారు.

బాబాయికి ఫోనులో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఆ అధికారి సంగతి. జర్మనీలో సామాజిక భద్రత అంటే పింఛన్లు, ఆరోగ్య బీమా, నిరుద్యోగ భృతి చూసే వ్యవస్థ. మన పీఎఫ్ ఆఫీసు గుమాస్తా యూనిఫాం తొడుక్కుని మీ విస్తరి తనిఖీకి వచ్చాడంటే ఎంత నమ్ముతారో, దీన్నీ అంతే నమ్మాలి. చట్టంలో ముందుగా రాసి లేని పనికి ఎవరినీ శిక్షించరాదని ఆ దేశ రాజ్యాంగంలోని 103వ అధికరణం చెబుతుంది. కొనుక్కున్న భోజనాన్ని ప్లేటులో వదిలేయడం నేరమనే చట్టం అక్కడ లేదు. తిన్నంత తినమనే కొన్ని హోటళ్లు వదిలేసినదానికి అదనంగా వసూలు చేస్తాయి, నిజమే. అది హోటల్ వాళ్ల షరతు, సర్కారు జరిమానా కాదు. అలాంటిది మనకూ ఉంది. అన్నం వదిలేస్తే 50 రూపాయలు కట్టించుకుంటూ వరంగల్‌లో ఒక భోజనశాల వార్తల్లోకెక్కింది.

ఇక ఆ భోజనం. ముసలమ్మల బల్ల మీదికి ఒక వంటకం రాగానే వెయిటర్ అందరికీ పంచుతాడట. జర్మనీ హోటళ్లలో మామూలుగా ఎవరి ప్లేటు వారికే వస్తుంది. అన్నిటికన్నా నాకు అనుమానం తెప్పించింది ఇంకొకటి. మూడో వంతు మిగిలితే, బృందంలో ఒక్కరూ పార్సిల్ కట్టమని అడగలేదట! వీళ్లు మనవాళ్లేనా? రసీదు నకళ్లు తలా ఒకటి ఉన్నాయంటారు గానీ, నాకు వచ్చిన ఒక్క సందేశంలోనూ దాని ఫొటో లేదు.

'జర్మన్లు మెతుకు కూడా పారేయరు' అన్నది కథ వెనకున్న అసలు నమ్మకం. ఆ దేశ గణాంక శాఖ లెక్కల్లో 2020లో అక్కడ చెత్తలోకి పోయిన ఆహారం దాదాపు 1.1 కోట్ల టన్నులు. అందులో 59 శాతం ఇళ్ల నుంచే. మనిషికి ఏడాదికి 78 కిలోలు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024 నివేదికలో మన ఇళ్లకు వేసిన అంచనా మనిషికి 55 కిలోలు. లెక్కగట్టే పద్ధతులు వేరు కాబట్టి మనమే గొప్ప అని చంకలు గుద్దుకోనక్కరలేదు. కానీ వాళ్ల ముందు సిగ్గుతో తలదించుకోవాల్సిన పనీ లేదు.

ఆ దేశంలో నిజంగా జరిగిన కథ వేరే ఉంది. 2018 జూన్‌లో మ్యూనిక్ దగ్గరి ఓల్షింగ్ అనే ఊళ్లో ఇద్దరు విద్యార్థినులు రాత్రిపూట ఒక సూపర్‌మార్కెట్ వెనక తాళం వేసిన చెత్తపెట్టె తెరిచి, దుకాణం పారేసిన కూరగాయలు, పండ్లు, పెరుగు లాంటివి తీసుకున్నారు. దొంగతనం కేసు పెట్టారు. 2019 జనవరిలో కోర్టు తలా 225 యూరోల జరిమానా ఖరారు చేసి, మళ్లీ తప్పు చేస్తేనే కట్టాలని దాన్ని పక్కన ఉంచి, ఎనిమిది గంటలు సమాజసేవ చేయమంది. ఎక్కడో తెలుసా? మిగిలిన ఆహారాన్ని సేకరించి పేదలకిచ్చే 'టాఫెల్' అనే సంస్థలో. వాళ్లు రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లారు. పారేసినా అది యజమాని ఆస్తేననే చట్టంలో తప్పు లేదని ఆ న్యాయస్థానం 2020 ఆగస్టులో తేల్చింది. వాట్సాప్ జర్మనీలో ఆహారం పారేసినవారికి శిక్ష. అసలు జర్మనీలో పారేసినదాన్ని ఏరుకున్నవారికి శిక్ష.

'ఇలాంటి జరిమానాలు ఎక్కడా లేవా మరి?' అని బాబాయి అడిగారు. ఉన్నాయి, కానీ పడేది వేరే చోట. ఫ్రాన్స్ 2016లో చట్టం తెచ్చింది. 400 చదరపు మీటర్లు దాటిన సూపర్‌మార్కెట్లు తినదగిన ఆహారాన్ని పాడుచేయకూడదు, దాతృత్వ సంస్థలతో ఒప్పందం చేసుకోవాలి. తినదగినదాన్ని కావాలని పాడుచేస్తే అప్పట్లో పెట్టిన జరిమానా 3,750 యూరోలు. చైనా 2021 చట్టం ప్రకారం తినేవాళ్లను ఉసిగొల్పి ఎక్కువ తెప్పించుకునేలా చేసిన హోటల్‌కు 10,000 యువాన్ల దాకా పడుతుంది. ఇక దక్షిణ కొరియాలో ఊరంతటికీ ఉపన్యాసం ఇచ్చే అధికారి అక్కరలేదు. 2013 నుంచి ఇంటి చెత్తలో పడే ఆహారానికి ఎంత పారేస్తే అంత లెక్కన డబ్బు కట్టాలి. సియోల్‌లో చాలా అపార్ట్‌మెంట్ల కింద చెత్తపెట్టె ముందు కార్డు పెడితే మూత తెరుచుకుంటుంది. పోసింది అక్కడే తూగి అంకె కనిపిస్తుంది. బిల్లులో ఆ సొమ్ము కలుస్తుంది. నిన్నటి చారు గిన్నెలో నీళ్లు కూడా తూకానికే కాబట్టి, వంపేసి మరీ తీసుకెళ్తారు.

'వనరులు సమాజానివి' అన్న వాక్యంతో నాకు పేచీ లేదు. అది ఎవరికి చెబుతున్నారన్నదే పేచీ. పత్తికొండ మార్కెట్లో టమాటా కిలో రూపాయికీ రెండు రూపాయలకూ పడిపోయిన రోజుల్లో రైతులు గంపలను రోడ్డు మీద కుమ్మరించి వెళ్లిన ఫొటోలు చాలాసార్లు చూశాం. కోత కూలీ, బండి కిరాయి, హమాలీ, కమీషన్ పోగా చేతికి ఏమీ రానప్పుడు ఇంటికి తిరిగి మోసుకుపోవడం కూడా ఖర్చే. పంట కోత తర్వాతి నష్టాలపై పరిశోధన చేసే లుధియానాలోని సీఫెట్ సంస్థ 2015 అధ్యయనంలో కోతా ఆ తర్వాతి దశల్లో టమాటా నష్టం 12 శాతం పైన, జామ నష్టం దాదాపు 16 శాతం. ఈ పండ్లు ఏ విస్తట్లోకీ రాలేదు. ఏ ముసలమ్మా చూడలేదు.

చివరికి బాబాయి అందరూ అనే మాటే అన్నారు: "కథ అబద్ధమైతేనేం, నీతి మంచిదేగా?" నీతి తప్పు కాదు బాబాయ్, చూపు తప్పు. మన చెల్లి పెళ్లి గుర్తుందా? కల్యాణమండపం గోడ మీద 'అన్నం పరబ్రహ్మ స్వరూపం' అని రాసి ఉంది. పిల్లలు వదిలేసిన బూరెలను చూసి మీరు కసిరారు. రాత్రి పదిన్నరకు వంటశాల వెనక్కి వెళ్తే, ఒక గుండిగ నిండా సాంబారు, మూత తీయని రెండు డేక్సాల పులిహోర. సాంబారును ఇద్దరు కుర్రాళ్లు అటొకరు ఇటొకరు పట్టుకుని కాలవలోకి వంచుతుంటే, ముందు పప్పు నురగ, వెనకే ములక్కాడ ముక్కలు కొట్టుకుపోయాయి. విస్తళ్లలో మిగిలినదంతా కలిపినా ఆ గుండిగలో సగం ఉండదు. వచ్చింది నాలుగు వందల ఇరవై మంది. కేటరింగ్ వాళ్లకు ఆరు వందల ప్లేట్లు చెప్పింది మీరే, తక్కువైతే పరువు పోతుందని.

కాసేపు ఫోనులో మాట లేదు. తర్వాత, వచ్చే నెల గృహప్రవేశానికి ఎన్ని ప్లేట్లు చెప్పాలన్న చర్చ మొదలైంది. ఆయన నాలుగు వందలంటారు, నేను మూడు వందలంటాను. ఇంకా తేలలేదు.