మహాలక్ష్మీ సమానురాలైన పది పౌండ్ల నోటు గారికి

హనుమకొండ నుంచి వచ్చి ప్రస్తుతం లండన్‌లో, ఈస్ట్‌హామ్‌లోని కూతురి ఇంట్లో కాలక్షేపం చేస్తున్న రిటైర్డ్ టీచరమ్మ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం వేరే అడగక్కర్లేదు, ఎందుకంటే నెల రోజులుగా నా హ్యాండ్‌బ్యాగు లోపలి జిప్పులోంచి మిమ్మల్ని ఎవరూ కదిలించలేదు. ప్లాస్టిక్ ఒళ్లు కాబట్టి మడత కూడా పడలేదు. మీ మీదున్న జేన్ ఆస్టిన్ గారు, హైదరాబాద్‌లో మనీ ఛేంజర్ దగ్గర పౌండుకి 120 రూపాయలకి అటూ ఇటూగా పెట్టి కొన్న రోజున ఎంత కులాసాగా ఉన్నారో ఇవాళా అంతే కులాసాగా ఉన్నారు.

ఇంక మీరు గీరు అనడం నావల్ల కాదు తల్లీ. ఒకే సంచిలో ఇన్నాళ్లు తిరిగాక మన మధ్య మర్యాదలేంటి.

నీ మొహాన ఒక మాట రాసుంది, గుర్తుందా? ఈ నోటు తెచ్చినవాళ్లు అడిగిన వెంటనే పది పౌండ్లు చెల్లిస్తానని మాట ఇస్తున్నాను అని. కింద బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ప్రధాన క్యాషియర్ సంతకం. మా నోట్ల మీద రిజర్వ్ బ్యాంక్ గవర్నరు కూడా ఇట్లాంటి మాటే ఇస్తారనుకో. విమానంలో మా సారు కళ్లజోడు పెట్టుకుని ఆ ముక్క నాకు చదివి వినిపించి, "చూశావా, చేతిలో నగదు ఉంటే ఏ దేశంలోనైనా బతకొచ్చు" అన్నారు. ముప్పై ఏళ్లు కరెంటాఫీసులో పనిచేసిన మనిషి, సంతకం ఉన్న ప్రతి కాగితాన్నీ నమ్ముతారు.

వచ్చిన నాలుగోరోజు. అమ్మాయీ అల్లుడూ ఆఫీసుకి పోయారు. ఇల్ఫర్డ్‌లో కూరగాయలు చవకని ఎవరో చెప్తే ఇద్దరం బయల్దేరాం. ఎర్రబస్సు వచ్చింది, తలుపు తెరుచుకుంది, నేను ముందెక్కి నిన్ను తీసి డ్రైవర్ వైపు చాపి, మన అలవాటు కొద్దీ రెండు వేళ్లు చూపించి "ఇల్ఫర్డ్, టూ" అన్నాను. ఆయన అద్దం వెనకాల ఉన్నాడు. ఆ అద్దానికి నిన్ను దూర్చడానికి చిన్న కంత కూడా లేదు. పాపం విసుక్కోలేదు, తల అడ్డంగా ఊపి పక్కనున్న పసుపుపచ్చ గుండ్రటి బిళ్ల చూపించాడు. నేను దానికి నిన్ను ఆనించాను. నవ్వకు. నిజంగానే ఆనించాను, నీలో కూడా ఏదో మెరుస్తూ ఉంటుంది కదా, అదే చదువుకుంటుందేమో అనుకున్నా.

ఇంక చేసేదేముందని మా సారు తన డెబిట్ కార్డు తీశారు. బిళ్ల దగ్గర ఎర్రలైటు వెలిగింది. మళ్లీ పెట్టారు, మళ్లీ ఎర్రలైటు. వెనకాల పదిమంది, ఎవరూ ఏమీ అనరు, అదే ఇంకా టెన్షన్. మన దగ్గరైతే ఈపాటికి "జరుగమ్మా, జరుగు" అని ఒకరు నన్నూ ఇంకొకరు మా సారునూ లోపలికి తోసేసి ఉండేవాళ్లు, టికెట్ సంగతి కండక్టర్ చూసుకునేవాడు.

అప్పుడు నా వెనకాల ఉన్న పాతికేళ్ల పిల్ల ముందుకొచ్చింది. ఇక్కడ ఒక కార్డు ఒక్క మనిషికే, "ఇద్దరికి కొట్టు" అంటే కుదరదు. అందుకని కార్డు పెట్టి నన్ను ఎక్కించింది. ఫోన్ పెట్టి మా సారును ఎక్కించింది. చేతి గడియారం పెట్టి తనెక్కింది. అన్నీ ఒకే ఖాతావే అయినా బిళ్ల కంటికి మూడూ వేరువేరట, ముగ్గురు మనుషుల కిందే లెక్క. కాలికి ఇంకో పట్టీ ఉండుంటే ఆ పిల్ల మా వియ్యపురాలిని కూడా ఎక్కించేది.

సీట్లో కూర్చున్నాక నిన్ను ఆమె చేతిలో పెట్టబోయాను. ఇద్దరికీ కలిపి 1.75 చొప్పున మూడున్నర పౌండ్లు, మిగతాది ఉంచుకోమ్మా అని సైగ చేశాను. ఆ పిల్ల నిన్ను చూసిన చూపు నువ్వు గమనించలేదు, కిందికి చూస్తున్నావు. ఊరగాయ జాడీ ఇస్తే మొహమాటపడినట్టు చేతులు వెనక్కి లాక్కుని, అసలు తన దగ్గర పర్సే ఉండదని, నిన్ను పెట్టుకోడానికి చోటు లేదని చెప్పింది. నా జీవితంలో డబ్బు వద్దన్నవాళ్లని చూశాను గానీ డబ్బుకి చోటు లేదన్నవాళ్లని చూడటం ఇదే మొదలు.

నీకు మా ఊరి సంగతి చెప్పాలి. 2023 డిసెంబర్ 9 నుంచి మా తెలంగాణలో ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టిస్తాడు. ఆ పథకం పేరేంటో తెలుసా? మహాలక్ష్మి. అంటే మహాలక్ష్మి పేరు చెప్పి పైసా లేకుండా ఎక్కే బస్సు దిగి, సాక్షాత్తూ మహాలక్ష్మిని సంచిలో పెట్టుకున్నా ఎక్కనివ్వని బస్సు దగ్గరికి వచ్చాను. లండన్‌లో కాపురముండే అరవై దాటినవాళ్లకి ఇక్కడా ఉచిత కార్డు ఉందట, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకి లేదు. అందులో తప్పు పట్టను, మాదీ తెలంగాణ ఆడవాళ్లకే కదా.

సాయంత్రం అల్లుడిని అడిగాను, ఇంత మంచి నోటుని ఎందుకు వెలేశారు బాబూ అని. అతను చెప్పింది విన్నాక నీ మీద జాలేసింది. ఈ ఊరి బస్సుల్లో 2014 జులై 6 నుంచి నగదు బంద్. అప్పటికి నూటికి ఒక్కరు కూడా డబ్బులిచ్చి ఎక్కట్లేదని లెక్క తీసి మరీ ఆపారట. బాగానే ఉంది, ఎందుకు ఎక్కట్లేదో కూడా వినాలిగా? ఆ ఏడాది కార్డుతో ఎక్కితే 1.45 పౌండ్లు, చేతిలో పెడితే 2.40. అదే బస్సు, అదే సీటు, అదే దూరం. దాదాపు ఒక పౌండు ఎక్కువ పెట్టి నీతో ప్రయాణం చేయడానికి ఎవరికి పిచ్చి? పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే. పొగబెట్టి, ఇంట్లో ఎవరూ ఉండట్లేదు కాబట్టి తాళం వేస్తున్నామన్నారు.

మా దగ్గర 2016 నవంబర్ 8 రాత్రి పాత ఐదొందలు, వెయ్యి నోట్లకి ఏం జరిగిందో నువ్వు వినే ఉంటావు. టీవీలోకి వచ్చి ముహూర్తం పెట్టి, చెప్పి మరీ చంపారు. నిన్ను మాత్రం చంపలేదు. నువ్వు బతికే ఉన్నావు, చెల్లుతావు, రాజముద్ర ఉంది, చట్టంలో చోటుంది. ఎవరూ తీసుకోరంతే. చట్టప్రకారం చెల్లే నోటుని కాదంటే కేసు పెట్టొచ్చు కదా అని మా సారు లేచారు. అల్లుడు కూర్చోబెట్టాడు. ఆ మాట బాకీ తీర్చేటప్పుడు పనికొస్తుందట, బస్సు ఇంకా ఎక్కలేదు కాబట్టి మనం ఎవరికీ బాకీ లేమట, దుకాణమైనా బస్సైనా ఏ రూపంలో తీసుకోవాలో వాళ్ల ఇష్టమట. మా సారు ఆ రాత్రి చపాతీ ఒకటే తిన్నారు.

ఇక ఆ డెబిట్ కార్డు. బ్యాంకు పేరు చెప్పను, పింఛను అందులోనే పడుతుంది. విదేశాల్లో వాడే మీట మన కార్డుల్లో మామూలుగా ఆపే ఉంటుంది, 2020లో వచ్చిన రిజర్వ్ బ్యాంక్ నియమం, దొంగల భయానికి మంచిదే. మనమే ఆన్ చేసుకోవాలి. దానికి ఓటీపీ రావాలి. ఓటీపీ వచ్చే సిమ్, అమ్మాయి కొత్త ఫోన్ కొనిచ్చిందన్న సంబరంలో, పాత ఫోన్‌తో సహా హనుమకొండలో టీవీ స్టాండ్ సొరుగులో ఉంది. తాళంచెవి పక్కింటి వదిన దగ్గరుంది. వాట్సాప్‌లో ఫోన్ చేస్తే పాపం ఆవిడ వెళ్లి తలుపు తీసి, సొరుగు వెతికి, చార్జింగ్ పెట్టి, ఓటీపీ కోసం కూర్చుంది. వచ్చింది. "ఈ నంబరు ఎవరికీ చెప్పవద్దు" అన్న ముక్కతో మొదలుపెట్టి మొత్తం చదివింది. అంకెల దగ్గరికి వచ్చేసరికి గడువైపోయింది.

నువ్వు నిష్ఠూరంగా చూడకు, నేనేమీ సత్యహరిశ్చంద్రుడి చెల్లెల్ని కాను. మా ఊళ్లో పది రూపాయల కొత్తిమీర కట్టకి కూడా ఫోన్ తీసి స్కాన్ చేస్తాను. పోయిన ఏడాది మా వీధి చివర జామకాయల ముసలాయన దగ్గర స్కాన్ చేసే బొమ్మ లేకపోతే చిల్లర వెతకలేక కొనకుండా వచ్చేశాను. ఇక్కడ బస్సు మెట్టు మీద నిలబడ్డప్పుడు ఎందుకో ఆ జామకాయలాయన గుర్తొచ్చాడు.

చివరికి అల్లుడు అన్నాడు, సందు చివర చిన్న దుకాణంలో నగదిచ్చి, ఇక్కడి బస్సుల్లో రైళ్లలో బిళ్లకి ఆనించే ఆయిస్టర్ కార్డు కొనుక్కోండి అత్తమ్మా, అక్కడ తీసుకుంటారు అని. నా సంచిలోని నీ అక్కచెల్లెళ్లందరిలోకీ సాఫీగా ఉన్న పది పౌండ్ల నోటుని తీసుకుని పోయాను. దుకాణదారు తీసుకున్నాడు! వెలుతురులో ఎత్తి చూసి డ్రాయర్లో వేసుకున్నాడు, నాకు ప్రాణం లేచొచ్చింది. నీలం కార్డు చేతిలో పెట్టాడు. ఇందులో ఎంత ఉంది నాయనా అన్నాను. ఏమీ లేదన్నాడు. ఆ పది పౌండ్లు ఉత్త కార్డుకే. ఒకప్పుడు అయిదు తీసుకునేవాళ్లట, అది డిపాజిట్, తిరిగిచ్చేవాళ్లు. 2022లో ఏడు చేశారు, ఇక తిరిగిరాదన్నారు. 2025 సెప్టెంబర్ నుంచి పది. బస్సెక్కాలంటే అందులో మళ్లీ డబ్బు పోయాలి. అంటే నీ చెల్లెలు ఒకతి తన నిండు ప్రాణం ఇచ్చి ఖాళీ గిన్నె తెచ్చింది, ఇంకో చెల్లెలు ఆ గిన్నెలోకి దూకింది. మా సారు కార్డుకి ఇంకో ఇద్దరు.

ఆ తర్వాత ప్రయాణాలు సాఫీగానే సాగాయని ఒప్పుకుంటాను. బస్సులో ఎక్కేటప్పుడు పెడితే చాలు, గంటలోపు ఎన్ని బస్సులు మారినా ఆ ఒక్క చార్జీతోనే సరి, చేతిలో చిల్లర లెక్క లేదు, డ్రైవర్ దగ్గర డబ్బుసంచి లేదు కాబట్టి దాన్ని లాక్కుపోయే దొంగ భయం అతనికి లేదు. రైలుకి మాత్రం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పెట్టాలి. మా సారు డీఎల్‌ఆర్ అనే ఇక్కడి చిన్న రైలు స్టేషన్లో గేటు కనపడకపోయేసరికి దర్జాగా చేతులూపుకుంటూ బయటికొచ్చేశారు, ఎక్కడ దిగారో కార్డుకి తెలియదు కాబట్టి పెద్ద చార్జీ పడింది. తప్పు ఆయనదే.

అయినా నాకు కండక్టర్ లేని లోటు తీరలేదు. మా ఆర్టీసీ బస్సులో యాభై ఇస్తే చిల్లర లేదని టికెట్ వెనకాల బాల్‌పెన్నుతో బాకీ ఎంతో రాసిస్తాడు, దిగేటప్పుడు తీసుకోమంటాడు. లేదంటే ముక్కూమొహం తెలియని ఇద్దరికి కలిపి ఒక నోటు చేతిలో పెట్టి, దిగి పంచుకోండి అంటాడు. ఆ గిలుకుడు రాతకి ఏ బ్యాంకూ పూచీ లేదు, ఏ ముద్రా లేదు, నేను దిగే హడావుడిలో ఎన్నిసార్లు మర్చిపోయానో లెక్కలేదు. కానీ గుర్తుండి అడిగితే ఎప్పుడూ కాదనలేదు, గొణుక్కుంటూనైనా ఇచ్చాడు. నీ మీద మాటిచ్చిన క్యాషియర్ గారిని నేను ఏ బస్సులో ఉంటారని పట్టుకోను?

ఇక్కడి మహాలక్ష్మి గుడికి మొన్న శుక్రవారం వెళ్లాం. హుండీ నీ చెల్లెల్ని ఇట్టే మింగేసింది, కార్డు ఉందా అని అడగలేదు. నిన్ను మాత్రం వేయబుద్ధి కాలేదు. బస్సు మెట్టు మీద నాతోపాటు నిలబడి పరువు పోగొట్టుకున్నది నువ్వే కదా.

వచ్చే నెల ప్రయాణం. నిన్ను రూపాయల్లోకి మార్చను, వెంట తీసుకుపోతున్నాను. మా బీరువాలో చీరల అరలో, అడుగున పరిచిన న్యూస్‌పేపర్ కింద, ఒక పాత ఐదొందల నోటు ఉంది. 2017 సంక్రాంతికి పట్టుచీర మడత విప్పితే బయటపడింది, మార్చుకునే గడువు అప్పటికే దాటిపోయింది. దాని పక్కనే పెడతాను. మాట్లాడుకోడానికి ఇబ్బందేమీ ఉండదు, దాని మీదున్న పెద్దాయన 1888లో మీ ఊరికి చదువుకోడానికి వచ్చినవాడే, ఇంగ్లీషు బాగా వచ్చు. బస్సు డబ్బులు మిగల్చడానికి అప్పట్లో రోజూ మైళ్లకి మైళ్లు నడిచేవాడట. డబ్బులు మిగల్చడానికేనా, లేక ఆయన నోటు కూడా ఎవరూ పుచ్చుకోలేదా, వీలు చూసుకుని అడుగు.

ఇట్లు,
ఖాళీ నీలం కార్డుకి యజమానురాలు,
హనుమకొండ టీచరమ్మ