కార్డా, క్యాషా?

ఈ రోజు ఉదయం మా మేనత్త స్నానాల గదిలో జారిపడి ముంజేయి విరగ్గొట్టుకుంది. ప్లేటు వేయాల్సి వస్తుందని మా వీధి డాక్టరు చెబితే, మా జిల్లా కేంద్రంలోని ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకువెళ్ళాం. తువ్వాలుతో చేతిని మెడకు కట్టుకుని వణుకుతున్న మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి నేను కౌంటరు దగ్గరికి వెళ్తే, అక్కడి అమ్మాయి ఏమైందని అడగలేదు, ఎంత వయసని అడగలేదు. "కార్డా, క్యాషా సార్?" అని అడిగింది. కార్డు అన్నాను, అంటే ప్రభుత్వం ఇచ్చిన ఉచిత వైద్యం కార్డు. కార్డు మీద అయితే పడకలు ఖాళీ లేవని, క్యాష్ అయితే ఇప్పుడే పైకి పంపిస్తామని చెప్పింది. ఒకే ఆస్పత్రిలో, ఒకే నిమిషంలో, ఒకే మనిషికి పడక లేదు, మళ్ళీ ఉంది. మా బావ ఫోను తీసి 30 వేలు అడ్వాన్సు కట్టాడు. అయిదు నిమిషాల్లో చక్రాల కుర్చీ వచ్చింది.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, ఆమెకు నేర్పిన మాట ఆమె అడిగింది. నన్ను మండించింది లిఫ్టు దగ్గర మా బావ అన్న మాట. "అందరికీ ఉచితంగా వైద్యం ఇస్తామంటే ఇలాగే ఉంటుంది, ఊరికే వచ్చేదానికి విలువ ఉండదు, దేశం దివాలా తీస్తుంది" అన్నాడు. ఆయన మంచి మనిషి, డబ్బు కట్టింది కూడా ఆయనే, అందుకని అక్కడ నోరు మెదపలేదు. ఇంటికి వచ్చి రెండు గంటలైనా ఆ మాట నన్ను వదలడం లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. బావా, ఈ దేశంలో అందరికీ వైద్యం అన్నది ఎవరూ ఇవ్వనే లేదు. ఇచ్చింది కార్డు. అందరికీ వైద్యం ఉంటే, తలుపు దగ్గర నువ్వు ఏ రకం మనిషివని అడిగే అవసరమే రాదు. కార్డు ఉంటే మాత్రం ఆ ప్రశ్నే మొదటి ప్రశ్న అవుతుంది.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. 2021 మే నెలలో మా పెదనాన్నకు ఆక్సిజన్ 84కు పడిపోయిన రాత్రి మూడు ఆస్పత్రుల గేట్ల దగ్గర ఇదే మాట విన్నాను. రెండు చోట్ల కార్డు అనగానే పడకలు నిండిపోయాయన్నారు. మూడో చోట రెండు లక్షలు ముందు కడితే చూస్తామన్నారు. మా అన్నయ్య తెల్లవారేలోగా ఆ డబ్బు పోగుచేశాడు, పెదనాన్న బతికాడు, ఆ అప్పు తీరడానికి మూడేళ్ళు పట్టింది. బతికాడు కాబట్టి మేము అదృష్టవంతులమని అందరూ అన్నారు, నిజమే. కానీ అదే గేటు ముందు ఆటోలో ఒక ముసలాయన తల వాల్చేసి ఉన్నాడు, ఆయన కొడుకు నోట్లు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు. తర్వాత వాళ్ళేమయ్యారో నాకు తెలియదు, ఆ కొడుకు వేళ్ళు మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందు కదులుతాయి.

అప్పుడు మన నాయకులు దేని గురించి వాదించుకున్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే కొవిడ్ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది, రెండో దశలో నెట్‌వర్క్ ఆస్పత్రులు, అంటే ఆ పథకంలో చేరిన ఆస్పత్రులు, సగం పడకలు ఆరోగ్యశ్రీ రోగులకే ఇవ్వాలని ఆదేశించింది. ఆదేశం మంచిదే, కాని ఆ సగం పడకలు ఎవరికి ఇస్తున్నారో అర్ధరాత్రి గేటు దగ్గర నిలబడి చూసేవాళ్ళు ఉండాలి కదా. తెలంగాణలో ప్రతిపక్షాలు కొవిడ్‌ను ఆరోగ్యశ్రీలో చేర్చమని అడుగుతూ పోయాయి. ప్రభుత్వం 2020 జూన్‌లో ప్రైవేటు ఆస్పత్రులకు ధరలు నిర్ణయించింది. ఐసొలేషన్ వార్డుకు రోజుకు 4,000, వెంటిలేటరు లేని ఐసీయూకు 7,500, వెంటిలేటరుతో 9,000 రూపాయలు. ఆ ధరల కాగితం పట్టుకుని వెళ్ళిన వాళ్ళకు లక్షల్లో బిల్లులు వచ్చాయి, ఆగస్టు నాటికి కొన్ని ఆస్పత్రులకు కొవిడ్ చికిత్స అనుమతినే రద్దు చేయవలసి వచ్చింది. దీని మీద జరగవలసిన చర్చను వదిలేసి, రాష్ట్రం ఇచ్చే ఆరోగ్యశ్రీ గొప్పదా, కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ భారత్ గొప్పదా అని అక్కడి పాలక పార్టీ, కేంద్రంలోని పార్టీ టీవీల్లో కొట్టుకున్నాయి. మా పథకమే మేలంటూ ఏళ్ళ తరబడి దూరంగా ఉన్న తెలంగాణ, రెండో దశ మధ్యలో, 2021 మే నెలలో ఆయుష్మాన్ భారత్‌లో చేరింది. ఏ కార్డు మీద ఎవరి బొమ్మ ఉండాలన్నదే వాళ్ళకు తేలవలసిన విషయమైంది.

అదే మే నెలలో ఆంధ్ర నుంచి హైదరాబాదు వెళ్ళే అంబులెన్సులను రాష్ట్ర సరిహద్దులో ఆపేశారు. కర్నూలు వైపు పుల్లూరు టోల్ గేటు దగ్గర రోగులు అంబులెన్సుల్లోనే పడిగాపులు పడ్డారు. ఆస్పత్రిలో పడక ఖాయమైనట్టు ముందే అనుమతి తెచ్చుకోవాలన్నారు. చివరకు తెలంగాణ హైకోర్టు ఆ ఆదేశాలపై స్టే ఇస్తే గాని బండ్లు కదల్లేదు. పదేళ్ళు ఉమ్మడి రాజధాని అని రాసుకున్న ఊరికి, ఆ గడువు ఇంకా ఉండగానే, ఊపిరి అందని మనిషి వెళ్ళడానికి కోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. దీన్ని నేను మరచిపోలేను, మరచిపోదలచుకోలేదు కూడా.

సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో నన్ను బాధపెట్టింది. 2020 ఏప్రిల్ 8న ప్రైవేటు ల్యాబుల్లో కొవిడ్ పరీక్షలు ఉచితంగా చేయాలని చెప్పింది. అయిదు రోజులు గడిచాక, 13వ తేదీన, ఆ సౌకర్యం ఆయుష్మాన్ భారత్ లబ్ధిదారులకు, ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకే అని సవరించింది. మిగిలినవాళ్ళకు 4,500 రూపాయల వరకు వసూలు చేసుకోవచ్చు. అంటే, వైరస్ అందరికీ సోకుతుందని తెలిసిన రోజుల్లో కూడా, పరీక్షకు ముందు అర్హత తేల్చాలి. మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్న అతనికి ఏ కార్డూ లేదు, ధనవంతుడూ కాడు. అలాంటివాళ్ళను ఏ గడిలో రాయాలో తేల్చే పనిని ఆ సవరణ ప్రభుత్వానికే వదిలేసింది.

ఇక టీకా సంగతి. బావా, నువ్వు రెండు డోసులూ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే వేయించుకున్నావు, గుర్తుందా? దానికి ముందు ఎంత రాజకీయం జరిగిందో కూడా గుర్తు చేసుకో. 2020 అక్టోబరులో బీజేపీ బీహారు ఎన్నికల ప్రణాళికలో ఉచిత టీకాను వాగ్దానంగా పెట్టింది. ప్రాణం నిలిపే మందును ఒక రాష్ట్రం ఓట్లకు ముడిపెట్టారు. 2021 మే 1 నుంచి 18 నుంచి 44 ఏళ్ళ వాళ్ళ భారం రాష్ట్రాల మీదకు, ప్రైవేటు ఆస్పత్రుల మీదకు నెట్టారు. హైదరాబాదు పక్కన జీనోమ్ వ్యాలీలో తయారైన కొవాగ్జిన్ కేంద్రానికి 150, రాష్ట్రాలకు 400, ప్రైవేటు ఆస్పత్రులకు 1,200 రూపాయలు. ఒకే సీసాకు మూడు ధరలు. ఆ విధానం నిరంకుశంగా, అహేతుకంగా కనిపిస్తోందని సుప్రీంకోర్టు అన్న తర్వాత, జూన్ 21 నుంచి పెద్దలందరికీ కేంద్రమే ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ రోజు నుంచి ప్రభుత్వ కేంద్రంలో ఎవరినీ తెల్లకార్డు అడగలేదు, జీతమెంత అని అడగలేదు. కారులో వచ్చిన నువ్వూ, మీ ఇంట్లో పనిచేసే అక్కా ఒకే బెంచీ మీద కూర్చుని అరగంట ఆగి వెళ్ళారు. దేశం దివాలా తీయలేదు. ఊరికే వచ్చిందని ఎవరూ ఆ టీకా విలువను తగ్గించి చూడలేదు, తెల్లవారుజామునే వచ్చి వరసలో నిలబడ్డారు.

దేశం దివాలా తీస్తుందన్నావు, అంటే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందనే కదా నీ ప్రశ్న. చెల్లించే శక్తి లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని, బ్రిటిష్ ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946లోనే రాసింది. మన ఉస్మానియా వైద్య కళాశాలలో చదువుకున్న శ్రీనాథ్ రెడ్డి గారి అధ్యక్షతన ప్రణాళికా సంఘం వేసిన నిపుణుల బృందం 2011లో దారి కూడా చూపింది. పన్నుల డబ్బుతో నడపండి, ఆస్పత్రిలో రోగి దగ్గర రుసుము తీసుకోకండి, బీమా కంపెనీల చేతిలో పెట్టకండి అని చెప్పింది. 2017 జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి జీడీపీలో 2.5 శాతం ప్రజారోగ్యానికి పెడతామని రాసుకుంది. ఆ మాట నిలబడి ఉంటే, 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ట్యాంకరు రావడం ఆలస్యమై, ఆక్సిజన్ ఒత్తిడి తగ్గి, ప్రభుత్వం అప్పుడు చెప్పిన లెక్క ప్రకారమే 11 మంది చనిపోయేవారు కాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ప్రభుత్వ ఆస్పత్రిలో ఒక నిల్వ ట్యాంకు, ఒక అదనపు నర్సు, ఒక కొత్త వార్డు కోసం పెట్టవలసిన డబ్బు, కార్డు మీద చేసే ఒక్కో చికిత్సకు ఇంత అని కట్టే ప్యాకేజీల రూపంలో ప్రైవేటుకు వెళ్తుంది. అదీ సకాలంలో వెళ్ళదు. బకాయిలు చెల్లించలేదని 2025లో రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేశాయి. ఈ రోజు కార్డు మీద పడక లేదన్న మాట వెనక అది కూడా ఉండవచ్చు. ప్రభుత్వానికీ ఆస్పత్రికీ మధ్య ఉన్న లెక్క తేలక, విరిగిన చేతితో మా అత్త కుర్చీలో కూర్చోవలసి వచ్చింది.

రేపు ఉదయం ఆపరేషన్. చేర్చుకునేటప్పుడు ఒక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు, పెట్టాను. ఇంటికి వచ్చాక నకలు తీసి చూశాను. రోగి పేరు కింద గడి చెల్లింపు విధానానిది. జబ్బేమిటో రాసే గడి దాని కింద ఉంది.