ఇంట్లో ఉంటే నేరమా?

ఈసారి క్రిస్మస్‌కి గుంటూరు రావట్లేదు, బెంగళూరులోనే ఉంటున్నాం అని చెప్పిన రోజు నుంచీ ఫోన్ మోగని పూట లేదు. "ఏరా, కోడలు వద్దందా?" అంటుంది పెద్దమ్మ. పాపం, మా ఆవిడ నోరు విప్పితే ఒట్టు!

రైలు బుకింగ్ 60 రోజుల ముందు మొదలవుతుంది. డిసెంబరు 23 ప్రయాణానికి అక్టోబరు 24న, పొద్దున 8 గంటలకల్లా ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. కూర్చున్నాను. కళ్లు మూసి తెరిచేలోగా వెయిటింగ్ లిస్టు. పోనీ బస్సంటే, ముగ్గురికీ రానూపోనూ మా ఇంటి అద్దెలో సగం. పైగా ఏడాదిన్నర పిల్లాడు. కె.ఆర్.పురం దాటకముందే రాగం అందుకుంటాడు, ఇక తెల్లారేదాకా బస్సంతా జాగారమే. ఇవన్నీ ఫోన్లో ఎవరికని చెప్పను?

సరే, బాల్కనీలో స్టార్ కట్టుకుని, కేక్ తెచ్చుకుని హాయిగా ఉందామనుకుంటే ఆఫీసులో ఇంకో గోల. "నువ్వెలాగూ ఊళ్లోనే ఉంటావుగా" అని 26న అందరి పనీ నా నెత్తినే పెట్టారు. ఊళ్లో ఉంటే ఖాళీగా ఉన్నట్టా?

అమ్మ ఒక్కతే ఏమీ అనలేదు. అరిసెల డబ్బా కొరియర్‌లో పంపింది. అదీ ఇంకా రాలేదు.