పిల్లల చందా డబ్బాపై వస్తున్న సందేశానికి జవాబు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ, అంకీసా, అసరెల్లి వైపు తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. వర్షారణ్యాల పేరుతో బడి పిల్లల చేత చందాలు వసూలు చేయించడం మోసమట. దక్షిణ అమెరికాలోని అమెజాన్ అడవి ప్రపంచానికి 20 శాతం ఆక్సిజన్ ఇస్తుందన్నది అబద్ధమట. పిల్లల చిల్లరతో ఏ అడవీ నిలవదట, డబ్బు దళారుల పాలవుతుందట, ముందు మన అడవి సంగతి చూసుకోవాలట. ఇది చదివి మా వీధిలో ఇద్దరు తల్లులు పిల్లలను చందా పనికి పంపడం మానేశారు. అందుకే జవాబు రాస్తున్నాను.

ఆక్సిజన్ లెక్క తప్పన్నది నిజం. అమెజాన్ తయారుచేసే ఆక్సిజన్‌ను దాదాపు మొత్తం ఆ చెట్లూ, రాలిన ఆకును కుళ్లబెట్టే సూక్ష్మజీవులూ తిరిగి వాడేసుకుంటాయి. అయితే అడవి విలువ అక్కడితో ఆగిపోతుందా? ఆ చెట్లు నేలలోని నీటిని తోడి ఆవిరిగా వదిలితే, అది గాలివాటున ఎంతో దూరం వెళ్లి మళ్లీ వానగా కురుస్తుంది. చెట్టు కొట్టి కాల్చేస్తే ఆ వానా తగ్గుతుంది, చెట్టులోని కార్బనూ గాలిలో కలుస్తుంది.

చిల్లర విషయంలో మాత్రం సందేశం రాసినవారు పూర్తిగా పొరబడ్డారు. 1987లో స్వీడన్‌లోని ఒక పల్లె బడిలో ఏహా కెర్న్ అనే ఉపాధ్యాయురాలి విద్యార్థులు, మధ్య అమెరికాలోని కోస్టారికా దేశంలో వర్షారణ్యం నరికివేతకు గురవుతోందని విని, అక్కడ భూమి కొనడానికి డబ్బు పోగుచేయడం మొదలుపెట్టారు. చిన్న చిన్న ప్రదర్శనలు పెట్టి కూడబెట్టిన డబ్బు అది. తర్వాత 44 దేశాల పిల్లలు చేయి కలిపారు. స్వీడన్ ప్రభుత్వం కూడా నిధులిచ్చింది. కానీ ముందుగా కదిలింది పిల్లలే. మోంటెవెర్దే దగ్గర కొన్న ఆ భూమి ఈరోజు 22 వేల హెక్టార్లకు పైగా విస్తరించిన 'పిల్లల శాశ్వత వర్షారణ్యం'. కోస్టారికాలో అంతకంటే పెద్ద ప్రైవేటు రక్షిత అడవి లేదు. 1986లో స్థానికులు పెట్టుకున్న సంస్థ దాన్ని చూసుకుంటోంది. అడవి నిలవదన్న మాట తప్పనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి!

మన దేశంలోనూ ఉదాహరణ ఉంది. కేరళలోని సైలెంట్ వ్యాలీ వర్షారణ్యం జలవిద్యుత్ ప్రాజెక్టుకు బలికావలసింది. ఉపాధ్యాయులు, విద్యార్థులు, కవులు ఏళ్ల తరబడి పోరాడగా 1984లో దాన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

దళారుల మాట కొట్టిపారేయదగింది కాదు. చందాల్లో మోసాలు జరుగుతాయి. దానికి మందు లెక్క. మా పిల్లల దగ్గర ఒక గీతల నోటుపుస్తకం ఉంటుంది: ఇచ్చినవారి పేరు, మొత్తం, తేదీ, పక్కన ఇచ్చినవారి సంతకం. డబ్బా తెరిచేటప్పుడు ఇద్దరు పెద్దలు ఎదురుగా కూర్చుంటారు, పైసలతో సహా పలకమీద రాస్తారు. ఒక అబ్బాయి కూడికలో తప్పు చేస్తే పుస్తకం మొదటి నుంచి మళ్లీ లెక్కించారు. డబ్బు పంపే ట్రస్టు రిజిస్ట్రేషన్ నంబరు, ఆడిట్ నివేదిక, రసీదు అడిగి తీసుకోవాలి. అవి చూపలేని ట్రస్టుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దని పిల్లలకు ముందే చెప్పాం.

ఇక మన అడవి. మన టేకు అడవి వర్షారణ్యం కాదు, ఆకురాల్చే అడవి. దాన్ని కాపాడుకోవాలన్నది అక్షరాలా నిజం, మనవాళ్లు కాపాడుతున్నారు కూడా. ఆలాపల్లి దగ్గరి పాత టేకు వనం 2014లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశమైంది. మెండా లేఖా గోండు గ్రామం 2009లోనే సుమారు 1,800 హెక్టార్ల అడవిపై సామూహిక హక్కు సాధించింది. దూరపు అడవికి రూపాయి ఇచ్చిన పిల్లవాడు ఇంటి పక్క అడవిని మరచిపోతాడని ఎందుకు అనుకోవాలి? తునికాకు కొత్త చిగురు కోసం ఎండాకులకు నిప్పు పెట్టే కాలం రాకముందే, ఫిబ్రవరిలో, మా పిల్లలు పెద్దలతో కలిసి మంట పాకకుండా అడవి అంచున ఆకులు ఊడ్చి బాట తీశారు. చందా డబ్బా పట్టుకున్నదీ ఆ పిల్లలే. ఆ ఇద్దరు తల్లులకు నా మనవి ఒక్కటే: ఆదివారం వచ్చి నోటుపుస్తకం మీరే తిరగేయండి, అడగాల్సిందంతా పిల్లలనే అడగండి.